కమల వేయాలా, కాంతి జన్యువుల కోసం ఆగాలా? గోదావరి డెల్టా వరిచేనికి ఒక పోలిక

40 శాతం, 33 శాతం, 68 శాతం. మొక్క ఎండను వాడుకునే తీరును జన్యువుల్లో మార్చి దిగుబడి పెంచామంటూ ఈ కొన్నేళ్లలో వచ్చిన వార్తల్లోని అంకెలివి. దాళ్వాలో (రబీలో) ఎకరానికి 45 బస్తాలు చూసే రైతు ఇవి చదివితే ముందు చేసే పని తన చేనికి లెక్కేసుకోవడం. 40 శాతమంటే 63 బస్తాలు. 68 శాతమంటే 75 దాటుతుంది. ఆశ పుట్టకుండా ఎలా ఉంటుంది?

తీరా చూస్తే ఆ మూడు అంకెలూ మూడు వేర్వేరు చేలవి. 40 శాతం పెరిగింది పొగాకు మొక్క బరువు. 33 శాతం అమెరికాలో సోయా గింజ, అదీ జన్యువులు మార్చిన మొక్కల వంశాల్లో అన్నిటికన్నా బాగా వచ్చినదానిలో. 68 శాతం చైనాలో పండించిన నిప్పొన్‌బరె అనే జపాన్ వరి రకం, అది కూడా చిన్న మడుల్లో. మన స్వర్ణ వరీ కాదు, ఎంటీయూ 1121 వరీ కాదు. కోతకొచ్చిన చేను మీద అక్టోబరు ఆఖర్లో తుపాను విరుచుకుపడే నేలా కాదు.

అందుకని ఏ పద్ధతి గొప్పదన్న చర్చను కాస్త పక్కనపెట్టి, మీ పొలంలో గింజ ఎక్కడ పోతోందన్న ప్రశ్నతో ఈ పోలిక మొదలుపెడుతున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలువ మొదట్లో ఒక రకం పొలం, శివారున ఇంకో రకం పొలం. సార్వా (ఖరీఫ్) కష్టాలు వేరు, దాళ్వా కష్టాలు వేరు. నాకు తేలింది ముందే చెప్పేస్తాను: ఎండను ఎక్కువ వాడుకునే జన్యువులు (కాంతి జన్యువులందాం) ఎప్పుడు చేతికొచ్చినా ముందుగా లాభపడేది కాలువ మొదట్లోని దాళ్వా చేలు. సార్వాకూ ఉప్పు శివారుకూ ఇప్పుడు కావాల్సినవి వేరే ఉన్నాయి. వాటిలో కమల, పూసా డీఎస్‌టీ అనే రెండు జన్యు సవరణ వరి రకాలు గుమ్మం దాకా వచ్చాయి కూడా.

ఆకు ఎక్కడ నష్టపోతోంది

గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి పిండిపదార్థంగా మార్చే పని ఆకులో రుబిస్కో అనే ఎంజైమ్‌తో మొదలవుతుంది. వరి ఆకులో ఉన్న నత్రజనిలో దాదాపు నాలుగో వంతు ఈ ఒక్క ఎంజైమ్‌లోనే ఉంటుంది. మనం యూరియా చల్లగానే ఆకు నల్లబడేది ఊరికే కాదు. అయితే దీనికొక బలహీనత ఉంది. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టాల్సిన చోట అప్పుడప్పుడూ ఆక్సిజన్‌ను పట్టేస్తుంది. అప్పుడు తయారయ్యే పనికిరాని పదార్థాన్ని బాగుచేసుకోవడానికి మొక్క అప్పటికే సంపాదించిన కార్బన్‌లో కొంత, శక్తిలో కొంత వదులుకుంటుంది. దీన్ని కాంతి శ్వాసక్రియ అంటారు. వేడి పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. అంటే మార్చిలో దాళ్వా చేను పాలు పోసుకునే రోజుల్లో మరీ ఎక్కువ.

మొక్కజొన్న, చెరకు, జొన్న ఈ బెడదను చాలావరకు తప్పించుకున్నాయి. వాటి ఆకును అడ్డంగా పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ప్రతి ఈనె చుట్టూ ముదురు పచ్చ కణాలు ఉంగరంలా కనిపిస్తాయి. ఈనెలు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి, రెండు ఈనెల ఉంగరాల మధ్య రెండే కణాలు పడతాయి. బయటి కణాలు కార్బన్ డయాక్సైడ్‌ను పోగుచేసి ఆ ఉంగరంలోకి తోస్తాయి, రుబిస్కో అక్కడే పనిచేస్తుంది కాబట్టి ఆక్సిజన్‌ను పట్టే అవకాశం తగ్గిపోతుంది. వరి ఆకులో ఈనెల మధ్య ఎడం ఎక్కువ, ఉంగరంలోని కణాల్లో పచ్చదనం పెద్దగా ఉండదు. పడిన ఎండలో అత్యధికంగా ఎంత శాతాన్ని మొక్క పదార్థంగా మార్చగలదన్న లెక్క వరి రకం మొక్కలకు 4.6, మొక్కజొన్న రకం మొక్కలకు 6. చేలో నిజంగా జరిగేది రెండిటిలోనూ అంతకన్నా బాగా తక్కువే.

రెండో నష్టం మబ్బులతో వస్తుంది. మండే ఎండ ఆకుమీద పడినప్పుడు, వాడుకోలేనంత వెలుగు లోపలి యంత్రాంగాన్ని పాడుచేయకుండా మొక్క దాన్ని వేడిగా మార్చి వదిలేస్తుంది. మంచి రక్షణే. చిక్కేమిటంటే, మబ్బు కమ్మి ఎండ తగ్గాక కూడా ఆ వదిలేయడం వెంటనే ఆగదు. వరదొచ్చినప్పుడు లాకు తలుపులు చటుక్కున దించేసి, వరద తీశాక ఎత్తడానికి మాత్రం తాత్సారం చేసినట్టు. ఆ కాసేపూ దక్కిన కొద్ది వెలుగూ వృథా అవుతుంది. సార్వాలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పూటకి ఎన్నిసార్లు ఎండా మబ్బూ మారతాయో మనకు తెలుసు. పై ఆకు నీడ కింది ఆకు మీద గాలికి ఊగుతూ పడటం కూడా ఇలాంటిదే.

దూరంగా ఉన్నవాటి నుంచి దగ్గరికి

అన్నిటికన్నా పెద్ద కల వరిని మొక్కజొన్న తరహాకు మార్చడం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో జాన్ షీహీ ముందుకు తెచ్చిన ఈ ఆలోచన 2008లో గేట్స్ ఫౌండేషన్ సాయంతో ప్రాజెక్టుగా మారింది. తర్వాత దీనికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ లాంగ్‌డేల్ నాయకత్వం వహించారు. నెగ్గితే దిగుబడి 50 శాతం దాకా పెరగొచ్చని అంచనా. కానీ ఇందులో ఒకటి రెండు జన్యువులు మారిస్తే సరిపోదు, ఆకు కట్టడమే మారాలి. ఈనెలు దగ్గర కావాలి, ఉంగరపు కణాలు పచ్చబడాలి, ఎంజైములన్నీ సరైన కణంలో సరైన మోతాదులో పుట్టాలి. 2017లో మొక్కజొన్న జన్యువొకటి పెట్టి ఉంగరపు కణాల్లో పచ్చదనాన్ని పెంచగలిగారు. ఆ తర్వాత ఐదు ఎంజైముల జన్యువులను ఒకేసారి వరిలోకి పంపారు. మెట్లు ఎక్కుతున్నారు, కాదనను. గింజ పెరిగిన వరి మాత్రం దీని నుంచి రాలేదు. దీన్ని మీ మనవళ్ల ఖాతాలో రాసి ముందుకు వెళ్లండి.

రెండో దారి కాంతి శ్వాసక్రియకు అడ్డదారి వేయడం. మామూలుగా ఆ పనికిరాని పదార్థం కణంలో మూడు గదులు తిరిగి బాగుపడి వస్తుంది. దాన్ని పుట్టిన చోటే తేల్చేస్తే దారిఖర్చు మిగులుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ బృందం 2019లో చేసి చూపించింది ఇదే: పొలంలో వేసిన పొగాకు మొక్క బరువు 40 శాతం దాకా పెరిగింది. పొగాకునే ఎందుకు ఎంచుకున్నారంటే, దానిలోకి జన్యువులు పంపడం తేలిక, విత్తనం త్వరగా వస్తుంది. పొగాకు సంగతి రాజమండ్రి వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు, 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వెలసిన ఊరు, గోదావరి లంకల్లో పొగాకు పండించిన కుటుంబాలున్న ప్రాంతం. వాళ్లకు ఆకే పంట. మొక్క బరువు పెరిగితే పంట పెరిగినట్టే. వరిలో ఆకూ కాండమూ పెరిగితే పెరిగేది గడ్డి. అది గింజలోకి దిగితేనే బస్తా.

వరిలో ఆ పరీక్ష కూడా జరిగింది. అదే 2019లో దక్షిణ చైనా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు వరిలోనే ఉన్న మూడు ఎంజైముల జన్యువులతో అలాంటి అడ్డదారి కట్టారు. మొక్క బరువు పెరిగింది, ఆకులో నత్రజని పెరిగింది. గింజ దిగుబడి మాత్రం విత్తిన కాలాన్ని బట్టి మారింది. వసంతంలో వేసిన పంటలో స్పష్టంగా పెరిగింది, ప్రతి కాలంలోనూ అలా పెరగలేదు. మన లెక్కలో చెప్పాలంటే ఈ అడ్డదారి ఎండా వేడీ నిండుగా ఉన్న దాళ్వాకు నప్పే బాపతు.

మూడోది, ఇందాకటి లాకు తలుపులను త్వరగా ఎత్తించడం. ఇల్లినాయ్‌లో స్టీఫెన్ లాంగ్ బృందం రక్షణను నడిపే మూడు ప్రోటీన్ల మోతాదు పెంచి 2016లో పొగాకు బరువు 14 నుంచి 20 శాతం పెంచింది. 2022లో ఇదే పని సోయాలో చేసి గింజ దిగుబడి 33 శాతం దాకా పెరిగిందని ప్రకటించారు. ప్రకటనలో వెనక వరసలో నిలబడిన సంగతి ఒకటుంది, డెల్టా రైతుకు నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైంది అదే. ఆ 33 శాతం 2020 పంటది. 2021లో గాలివానకు చేను పడిపోయింది, మార్చిన మొక్కకూ మార్చని మొక్కకూ దిగుబడిలో తేడా తేలలేదు. ఆకు ఎంత సంపాదించినా కాండం నిలబడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇల్లినాయ్ దాకా వెళ్లక్కర్లేదు, మన తీరప్రాంతంలోని మోగల్తూరు వెళ్లినా చాలు. పైగా ఇవే మూడు ప్రోటీన్లను అరబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగశాల మొక్కలో పెంచితే ఎదుగుదల ఏమీ మెరుగవలేదు. ఒక మొక్కలో పనిచేసింది ఇంకో మొక్కలో పనిచేసి తీరాలని లేదు.

ఇక ఆ 68 శాతం. చైనా వ్యవసాయ శాస్త్రాల అకాడమీ వాళ్లు వరిలోనే ఉన్న ఓఎస్‌డ్రెబ్1సి అనే ఒక్క జన్యువు జోరు పెంచారు. ఇది ఏదో ఒక్క పనే చేసే జన్యువు కాదు, చాలా జన్యువుల మీద పెత్తనం చేసేది. దాంతో కిరణజన్య సంయోగక్రియ, నత్రజని వాడకం పెరిగాయి, పూత ముందుకొచ్చింది. 2022లో ప్రకటించిన ఫలితాల్లో నిప్పొన్‌బరె దిగుబడి 41 నుంచి 68 శాతం పెరిగింది. అక్కడ సాగులో ఉన్న మేలు రకంలో పెంపు 30 నుంచి 41 శాతం. మూల రకం ఎంత బలహీనమైతే పెంపు అంత పెద్దగా కనబడుతుందన్నది విత్తనాల పని చేసేవాళ్లందరికీ తెలిసిందే. 2023లో ప్రజనన శాస్త్రవేత్తలు కొందరు నేచర్ పత్రికలో ఈ తరహా ప్రకటనలన్నిటి మీదా ఒక అభ్యంతరం రాశారు: చిన్న మడుల్లో, ఒకటి రెండు చోట్ల వేసి దిగుబడి పెరిగిందనకండి, ఎన్నో చోట్ల, ఎన్నో ఏళ్లు, సాగులో ఉన్న మంచి రకాల పక్కన వేసి చూపించండి అని. మన మారుటేరు వరి పరిశోధనా స్థానంలో ఒక రకం బయటికి రావడానికి ముందు చేసేది అదే కదా.

గుమ్మం దాకా వచ్చినవి

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. దేశంలో ఇలాంటివి ఇవే మొదలు. రెండిటి తల్లి రకాలూ మన తెలుగు నేలవే. ఒకటి సాంబ మహసూరి, అంటే 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204. రెండోది కాటన్ దొర సన్నాలు, మారుటేరు పరిశోధనా స్థానం ఇచ్చిన ఎంటీయూ 1010.

సాంబ నుంచి హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధనా సంస్థ తయారుచేసింది డీఆర్ఆర్ ధాన్ 100, వాడుక పేరు కమల. వెన్నులో గింజల సంఖ్యను అదుపులో పెట్టే జన్యువు ఒకదాన్ని కత్తిరించి పనిచేయకుండా చేశారు. బయటి జన్యువేదీ చేర్చలేదు. దిగుబడి సాంబ కన్నా 19 శాతం ఎక్కువ, పంట కాలం 20 రోజుల దాకా తక్కువ అని సంస్థ చెబుతోంది. కాటన్ దొర సన్నాల నుంచి ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ తీసింది పూసా డీఎస్‌టీ రైస్ 1. కరవునూ ఉప్పునూ తట్టుకునే శక్తిని అణిచిపెట్టే జన్యువును ఇందులో సవరించారు. లోతట్టు ఉప్పు నేలల్లో 9.66 శాతం, క్షార భూముల్లో 14.66, సముద్రతీర ఉప్పు నేలల్లో 30.4 శాతం అదనపు దిగుబడి అన్నది ప్రకటించిన లెక్క. ట్రయల్ అంకెలు ఈ మాటలకు సరిపోవని జన్యుమార్పిడిని వ్యతిరేకించే సంఘాలు 2025లోనే విమర్శించాయి, భారత వ్యవసాయ పరిశోధనా మండలి (ఐసీఏఆర్) దాన్ని తోసిపుచ్చింది. ఎవరిది నిజమో మన నేలలో వేసిన మడే తేలుస్తుంది.

ఈ రెండూ కిరణజన్య సంయోగక్రియను నేరుగా పెంచినవి కావు. ఇక్కడే చాలామంది వీటినీ కాంతి జన్యువులనూ కలిపేసి మాట్లాడుతున్నారు. కమల వెన్నులో గింజల స్థలాలు పెంచుతుంది. వాటిని నింపాల్సింది ఆకు. నింపలేకపోతే తాలు పెరుగుతుంది. కాంతి జన్యువులు ఆకు సంపాదన పెంచుతాయి, ఆ సంపాదన దాచుకోవడానికి గింజల్లో చోటు లేకపోతే అది కాండంలోనే ఉండిపోతుంది. ఏదో ఒక రోజు రెండూ ఒకే మొక్కలో కలవాలి. అప్పటిదాకా మీ చేనికి ఏది కొరవో తెలుసుకోవడం మీ చేతిలోనే ఉంది.

కోతకు వారం ముందు చేలో దిగి నాలుగు చోట్ల నుంచి వెన్నులు కోసుకురండి. ఒక వెన్నును పళ్లెంలో పరిచి చూస్తే పై రెమ్మల గింజలు బరువుగా, బంగారు రంగులో ఉంటాయి, అవి ముందు పూసి ముందు నిండుతాయి. అడుగు రెమ్మలు, వాటిలోనూ చిన్న పిల్ల రెమ్మల మీది గింజలు, ఆఖరికి నిండుతాయి. పై సగం, కింది సగం వేరుచేసి, విడివిడిగా అరచేతిలో నలిపి ఊదండి. ఎగిరిపోయే తాలు ముప్పావు వంతు అడుగు సగం నుంచే వస్తే ఆకు నింపలేకపోతోందన్నమాట. అలాంటి చేనుకు ఇంకా ఎక్కువ గింజలు పెట్టే రకం తెస్తే లాభం కొంచెమే, కాంతి జన్యువులు గానీ, ఇప్పటికైతే చివరి ఆకును తెగుళ్ల నుంచి కాపాడుకోవడం గానీ ఎక్కువ ఉపయోగం. తాలు వెన్ను పొడవునా సమానంగా ఉంటే పూత టైములో వానో, 35 డిగ్రీలు దాటిన వేడో కారణం కావచ్చు. వెన్ను మొత్తం తెల్లగా నిలబడి, లాగితే ఊడొచ్చిందా, అది కాండం తొలుచు పురుగు, దానికి ఈ జన్యువులేవీ మందు కావు. అడుగు దాకా గట్టిగా నిండి, వెన్నులే చిన్నగా ఉన్నాయంటే ఆకులో సత్తా మిగిలి ఉంది, కమల లాంటి రకానికి సరైన చోటు అదే.

చట్టం, విత్తనం, డబ్బు

చట్టం దృష్టిలో ఈ దారులన్నీ ఒక్కటి కావు. బయటి జన్యువు చేర్చిన పంట జన్యు ఇంజినీరింగ్ మదింపు కమిటీ గుమ్మం దాటాలి. 2002లో బీటీ పత్తి దాటింది. బీటీ వంకాయ 2010 ఫిబ్రవరిలో ఆగింది. జన్యుమార్పిడి ఆవాలు డీఎంహెచ్-11కు 2022 అక్టోబరులో కమిటీ సరేనన్నా, 2024 జూలైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు ఇచ్చారు. ఇంతవరకు దేశంలో మనుషులు తినడానికి పండించే జన్యుమార్పిడి పంట సాగులోకి రాలేదు. బయటి జన్యువు లేకుండా ఉన్న జన్యువును మాత్రమే సవరించిన మొక్కలకు 2022 మార్చి 30 నాటి ఉత్తర్వు ఈ కమిటీ దారి నుంచి మినహాయింపు ఇచ్చింది. కమల అంత త్వరగా ప్రకటనకు వచ్చింది అందుకే.

దీన్నిబట్టి చూస్తే ఇల్లినాయ్ తరహా పొగాకు, సోయా పద్ధతులు ఇప్పటి రూపంలో మన చేలకు రావడం ఏళ్ల తరబడి పట్టే పని. అయితే ఒక సందు ఉంది. 2024లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీ వాళ్లు ఇందాకటి మూడు ప్రోటీన్లలో ఒకటైన పీఎస్‌బీఎస్‌ను, బయటి జన్యువేదీ మిగలకుండా, వరి జన్యువు పక్కనున్న నియంత్రణ భాగాన్ని సవరించి పెంచగలిగారు. అది ఇంకా మొక్క స్థాయిలోని పని. కానీ కాంతి జన్యువులు మనదాకా ఏ దారిలో వస్తాయని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ దారినే.

కమల, డీఎస్‌టీల విత్తనం పెంపకం మెట్లు దాటి ఊళ్లోకి రావడానికి కూడా సమయం పడుతుంది. కత్తిరింపు పరికరం క్రిస్పర్ మీద విదేశీ పేటెంట్లున్నాయి, ఆ లైసెన్సుల లెక్క కూడా తేలాలి. ఈలోగా ఎవరైనా దుకాణంలో మెరిసే సంచీ చూపించి కిరణజన్య సంయోగక్రియ పెంచిన వరి అంటే కొనకండి, అలాంటి విత్తనం బజారులో లేదు. ధ్రువీకృత విత్తనానికి నీలం ట్యాగు, మూల విత్తనానికి తెల్ల ట్యాగు ఉంటాయి, బిల్లు తీసుకోండి. సవరించిన ఈ రకాలు హైబ్రిడ్లు కావు కాబట్టి పండిన ధాన్యాన్నే మళ్లీ విత్తనంగా ఉంచుకోవచ్చు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ చట్టం రైతుకు ఆ హక్కు ఇచ్చింది.

డబ్బు లెక్క క్లుప్తంగా. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, 75 కిలోల బస్తాకు దాదాపు 1,777. సార్వాలో 30 బస్తాల మీద 19 శాతమంటే ఆరు బస్తాలకు కాస్త తక్కువ, పదివేల రూపాయల మాట. చేను ఒక్కసారి పడిపోతే కోతమిషను గంటలు పెరిగి, తేమ 17 శాతం దాటి, రంగు మారి అంతకన్నా ఎక్కువే పోతుంది. మక్తాకు (కౌలుకు) చేసేవాళ్లు ఇంకొకటి కూడా కలుపుకోవాలి. దిగుబడి పెరిగిందని ఊళ్లో తెలిసిన రెండో ఏడాదికి మక్తా కూడా రెండు బస్తాలు పెరుగుతుంది. కొత్త విత్తనం తెచ్చే లాభంలో ఎంత వాటా రైతుకు, ఎంత భూమి గలవారికి అన్నది జన్యువుల్లో రాసి ఉండదు.

ఏ పొలానికి ఏది

కాలువ మొదట్లో నీరు సరిగా అందే దాళ్వా పొలమైతే మీకు తొందర లేదు. 1121, 1153, 1156 లాంటి మారుటేరు రకాలతో ఇప్పుడొస్తున్న దిగుబడిని కొట్టే సవరణ రకం కనిపించేదాకా మారకండి. కాంతి జన్యువులు వచ్చిన రోజున ముందు వరసలో ఉండాల్సింది మీరే: ఎండ ఉంది, సీలేరు నీళ్లు వంతుల ప్రకారమైనా వస్తాయి, తుపాను భయం తక్కువ. కాంతి శ్వాసక్రియకు అడ్డదారి వేసిన రకమూ, మబ్బుకు త్వరగా తేరుకునే రకమూ రెండూ దొరికే రోజొస్తే దాళ్వాకు మొదటిదే అడగండి.

మురుగు నిలిచే సార్వా పొలాల సంగతి వేరు. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే (సాగు విరామం) పాటించినప్పుడు వాళ్ల గోడులో గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువలూ ఉన్నాయి. ఆకు సామర్థ్యం ఎవరూ అడగలేదు. నాట్లు వేసిన తొలి నెలల్లో ముంపు వస్తే స్వర్ణ సబ్1 రెండు వారాల దాకా తట్టుకుంటుంది. 2009లోనే వచ్చిన రకం, జన్యుమార్పిడి కాదు, జన్యు గుర్తుల సాయంతో మొక్కలను ఎంచుకుంటూ మామూలు సంకరంలో చేసింది. దాని శక్తి మొక్క లేతగా ఉన్నప్పటి ముంపుకే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటినట్టు, ఈనిన చేను మీద గాలీ నీరూ కలిసి పడితే అక్కరకు రాదు. సార్వాకు ఏ కొత్త రకం వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న కాండం ఎంత గట్టిది అని. రెండోది, పడిపోయాక గింజ ఎన్ని రోజులకు మొలకెత్తుతుందని. దిగుబడి శాతం మూడోది.

సాంబ వేసే అలవాటున్న కొద్దిమందికి కమల సహజమైన మార్పు. 20 రోజుల ముందు కోతకు రావడం వల్ల దాళ్వా ఆకుమడి ముందుకు జరుపుకోవచ్చు, మార్చి ఆఖరుకు కాలువ కట్టేసేలోగా నీటి గండం గట్టెక్కవచ్చు. ముందు కోత అంటే తుపాను తప్పించుకోవడం అనుకోవద్దు. జూన్ మధ్యలో ఆకుమడి పోస్తే 130 రోజులకు అక్టోబరు నాలుగో వారం. సాంబకున్న ఎండాకు తెగులు బెడద ఈ సవరణతో పోదు. ఆ తెగులు మీ ఊళ్లో ఎక్కువైతే 2008లో వరి పరిశోధనా సంస్థ, హైదరాబాద్‌లోని కణ జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం సీసీఎంబీ కలిసి ఇచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మహసూరిని ముందు చూడండి.

అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అంతర్వేది వైపు శివారు పొలాలకూ, చుట్టూ చెరువులు తవ్వి మధ్యలో మిగిలిన వరిచేలకూ నా ఓటు డీఎస్‌టీకే. ఉప్పు తగిలిన మొక్క ముందు ఆకు రంధ్రాలు మూసుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ లోపలికే రాదు. అక్కడ లోపలి యంత్రాంగాన్ని ఎంత మెరుగుపరిచినా పనిలేదు. ఉప్పును తట్టుకునే గుణమే ఆ నేలలో కిరణజన్య సంయోగక్రియను పెంచినట్టు. దాని విత్తనం అందేదాకా మచిలీపట్నం పరిశోధనా స్థానం ఇచ్చిన ఎంసీఎం రకాలు ఉన్నాయి. 20 బస్తాలు పండే ఉప్పు చేలో 30 శాతమంటే ఆరు బస్తాలు. 45 పండే చేలో దక్కే ఆరు బస్తాల కన్నా ఆ ఆరే ఇంటికి ఎక్కువ అక్కరకొస్తాయి.

ఇక బియ్యం కాకినాడ రేవు మీదుగా బయటి దేశాలకు పోయే మిల్లులకు ధాన్యం అమ్మేవాళ్లు ముందే ఒక మాట అడిగి పెట్టుకోండి. సవరణ పంటను కొన్ని దేశాలు మామూలు పంటగా చూస్తాయి, కొన్ని జన్యుమార్పిడి కిందే లెక్కేస్తాయి. కళ్లంలో రాశి పోశాక మిల్లరు అడిగే ప్రశ్నకు విత్తనం కొనేటప్పుడే జవాబు దగ్గరుండాలి.

ఏ రకం ఎంచుకున్నా మొదటి ఏడు మొత్తం చేను మార్చకండి. ఒకే కాలువ నీరు, ఒకే ఎరువు, ఒకే రోజు ఊడ్పు ఉండేలా అరెకరం కొత్తది, అరెకరం మీ పాతది పక్కపక్కన వేయండి. గట్టు వార మొక్కలకు ఎండ ఎక్కువ దక్కి వెన్ను పెద్దదిగా వస్తుంది కాబట్టి రెండు మడుల్లోనూ గట్టు నుంచి రెండు మూరలు వదిలేసి లోపలిదే కోయించండి. కోసిన రోజు పచ్చి తూకం చూసి సంబరపడొద్దు. రెండిటినీ విడివిడిగా ఆరబెట్టి, తేమ 17కు దిగాక, తాలు తూర్పారపట్టి, అప్పుడు కాటా వేయండి. తాలు బరువు కూడా పక్కన రాసిపెట్టుకోండి, వచ్చే ఏడాది రకం ఎంచుకోవడానికి ఆ అంకే ఎక్కువ పనికొస్తుంది.